గోపాలప్ప కన్ను

మా ఆయన గోపాలప్పకు తాగుడు లేదు, పేకాట లేదు, నోటి దురుసు అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. చేతికి దొరికిన ఇనుమూ, ఇత్తడీ, స్టీలూ ఏదైనా సరే, దాని మీద తన గుర్తు కొట్టకపోతే ఆయనకు అన్నం సయించదు.

ఆ గుర్తు ఒక చిన్న సున్న, దాని నడుమ ఒక చుక్క. అంతా కలిపి పెసరగింజంత. దూరం నుంచి చూస్తే ఏమీ కాదు. దగ్గరికి పోతే కన్ను. రెప్ప వేయని కన్ను.

పీణ్య ఫ్యాక్టరీల పేటలో శెట్టిగారి లేత్ షాపులో ఇరవై రెండేళ్ళు పనిచేశాడాయన. అక్కడ ప్రతి పనివాడికీ ఒక పంచు ఉంటుంది. వేలెడు ఉక్కు ముక్క, కొసన వాడి గుర్తు చెక్కి ఉంటుంది. సామాను తయారవగానే పంచును దాని మీద నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. టక్! రేపు ఆ సామాను రిజెక్టు అయి వాపసు వస్తే, అది ఎవరి చేతిలో చెడిందో తెలియాలి కదా. లింగన్నది త్రిశూలం, గణేశ్‌ది నక్షత్రం, మా ఆయనది కన్ను. అందరూ పంచును షాపులో పెట్టి ఇంటికి పోయేవాళ్ళు. ఈయన పెన్ను లాగా చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేవాడు.

పెళ్ళయిన కొత్తలో ఈ పిచ్చి లేదు. మా సౌమ్య పుట్టిన ఏడు పట్టుకుంది. ముందు పిల్ల ఉగ్గుగిన్నె మీద పడింది. తర్వాత లోటాలు, గరిటెలు, గేటు, గ్యాసు స్టవ్వు, ఎవరిదో సైకిలు బెల్లు. ఒకనాడు తలంటుకుని వచ్చి చూస్తే, గూట్లో తీసి పెట్టిన నా కాలిమెట్టెల మీద!

"ఏమయ్యా, నేనేమన్నా మీ షాపు సామానా?"

"రేపు మీ పుట్టింటోళ్ళు కోపమొచ్చి నిన్ను పెట్టుకునేస్తే? ఎవురి సామానో గుర్తుండల్ల గదే!"

ఎదురింటి అనసూయ పెనం పిడి ఊడిపోయిందని తెచ్చింది. "అన్నా, పిడి ఒక్కటే అతికించియ్యి. కన్ను మాత్రం వద్దు. దోసె తిప్పేటప్పుడు నన్నే చూస్తాది" అంది. అట్లాగే ఇచ్చాడు. అనసూయ వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుని సంతోషంగా పోయింది. వారం తర్వాత పెనం తోముతూ ఆమె పెట్టిన కేక మా ఇంటికి వినిపించింది. అడుగున, మసి కింద, రెండు కళ్ళు.

"రెండెందుకన్నా?"

"ఒకటేస్తే ఒంటికన్ను అని బాధపడతావని."

నవ్వడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ ఇంట్లో ఉండి చూడాలి. మధ్యాహ్నం గిన్నెలన్నీ తోమి అలమరలో బోర్లిస్తే, కిటికీ ఎండ వాటి మీద పడి నలభై కళ్ళు ఒక్కసారి తెరుచుకుంటాయి. పొయ్యి దగ్గర నిలబడితే వీపు మీద చూపులు పాకుతున్నట్టు ఉంటుంది. గోడ మీది బల్లి కూడా ఆ అలమర దగ్గరికి వచ్చి ఆగి, ఆలోచించి, వెనక్కి పోయేది. నాకు అలవాటైపోయింది. ఇప్పుడు ఎవరైనా, పాపం ఒంటరిగా ఉండావే అంటే, నాకు లోపల నవ్వొస్తుంది. ఈ ఇంట్లో ఒంటరితనానికి చోటెక్కడ!

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడేది కాదు. శనివారం కూలి లెక్కగట్టి ఇచ్చే సంబళం కవరు ఎప్పుడూ చిక్కిపోయి వచ్చేది. రిజెక్టులకు శెట్టి పట్టుకున్నాడని చెప్పేవాడు.

"షాపులో అందరికంటే మంచి పనోడివంట. రిజెక్టులు కూడా అందరికంటే నీవేనా?"

"కన్ను గుర్తు గదే. తప్పులన్నీ దానికే కనబడతాయి" అని నవ్వి, స్నానానికి పోయేవాడు. బకెట్టు పిడి మీద కూడా కన్ను ఉండేది.

మూడేళ్ళ కింద శెట్టి చనిపోయాడు. కొడుకు మిషన్లను పాత ఇనుముకు అమ్మేసి షాపు మూసేశాడు. మా ఆయన ఇన్నేళ్ళూ కవర్లలోంచి మిగిల్చి ట్రంకులో దాచిన నాలుగు లక్షల ఎనభై వేలు తీసుకుపోయి బ్యాంకులో వేశాడు. మేముండే ఇంటినే లీజుకు తీసుకోవాలని. ఇంటి ఓనరుకు ఆ మొత్తం ఇస్తే మూడేళ్ళు బాడుగ ఉండదు, గడువు అయ్యాక డబ్బు వాపసు వస్తుంది. ఇంతలో ట్యాక్సు నోటీసు వచ్చింది. బ్యాంకు ఖాతా కదలకుండా కట్టేశారు.

మా ఆయన ఉతికిన చొక్కా వేసుకుని ట్యాక్సు ఆఫీసుకు పోయాడు. అక్కడి మాటలు ఇంటికొచ్చి నాకు నటించి చూపించాడు.

"ఈ డబ్బు ఎక్కడిది?"

"సంబళం సార్."

"రుజువు?"

ఈయన రెండు అరచేతులూ చాచాడట. లేత్ రవ్వలు కాల్చిన మచ్చలు, కాయలు.

"చేతులు కాదప్పా, కాగితం. షాపు పుస్తకాలు లేవు. నీ పేరు మీద పీఎఫ్ లేదు. సంబళం స్లిప్పు లేదు. కాగితం ప్రకారం నువ్వు అక్కడ పని చేసిందే లేదు."

నటన ఆపి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నేను లేనంట మే" అన్నాడు. ఊళ్ళో కనిపించిన ప్రతిదాని మీదా తన గుర్తు కొట్టిన మనిషి, ఒక్క కాగితం మీద కూడా లేడు. కాసేపటికి మొహం వెలిగింది. "అయినా ఒక పని చేసొచ్చినాలే. ఆయప్ప ఫోన్ మాట్లాడ్తా అట్ల తిరిగినాడు. టేబుల్ మీద స్టాప్లర్ ఉండె. పక్కనే పేపర్‌వెయిట్ ఉండె."

"అయ్యో దేవుడా! గవర్నమెంటుది!"

"ఒకటే దెబ్బ. టక్!"

మొదటి అప్పీలు పోయింది. రెండోది పన్నుల కోర్టుకు వెళ్ళింది. అక్కడ కూడా పోతే పన్నూ జరిమానా కలిపి రూపాయికి ముప్పావలా పైనే పోతుందని, మిగిలిన చిల్లరతో లీజు కాదు గదా నెల బాడుగలే కష్టమని లాయరు నళినమ్మ చెప్పింది. ఆ విచారణకు తారీఖు రాకముందే, ఫిబ్రవరిలో ఒక పొద్దున, కాఫీ సగం తాగి లోటా కింద పెట్టి, ఆయన వెళ్ళిపోయాడు.

ఆయనతో పాటు ఆ పంచును కూడా పంపుదామని చొక్కా జేబు చూశాను. లేదు. ట్రంకు, పనిముట్ల పెట్టె, పరుపు కింద, అన్నీ వెతికించాను. ఎక్కడా లేదు.

కరెంటు శ్మశానంలో ఆయన్ను పడుకోబెట్టిన బండి రోలర్ల మీద జారి లోపలికి పోతుంది. పోతూ పోతూ బండి ఆగింది. రోలరు ఒకటి బిగుసుకుంది. లింగన్న వంగి దాన్ని చేత్తో తిప్పబోయి, అట్లాగే ఉండిపోయాడట. తర్వాత నాకు చెప్పాడు. "వదినా, రోలరు మీద కన్ను ఉండాది. అన్న చేసిన రోలరే. తన దాని మీద తానే పోవల్లని ఆపినట్లుండాది." ఏడవాల్సిన చోట నాకు ఎందుకో, "రిజెక్టు అయిందేమో చూడు లింగన్నా" అని నోట వచ్చింది. అందరూ నన్ను వింతగా చూశారు.

పదకొండో రోజుకు పాత షాపువాళ్ళందరూ వచ్చారు. చౌడమ్మ కూడా వచ్చింది. ఆ షాపులో ఊడ్చే పనికి చేరి, తర్వాత డ్రిల్లింగు నేర్చుకున్న మనిషి. మొగుడు లేడు, చూపు కొంచెం మందం. గడప దగ్గర కూర్చుని తల ఎత్తలేదు. ఆకు వేస్తే అన్నం ముట్టకుండా లేచి పోయింది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

మే నెలలో పెరటి తలుపు గడియ విరిగింది. మూల మీది హార్డువేరు అంగడిలో కొత్త ఇత్తడి గడియ కొన్నాను. ఇంటికొచ్చి ప్లాస్టిక్ కవరు చించి, ఎండలో పట్టి చూశాను. గడియ కొసన, పెసరగింజంత, కన్ను.

నా చేతిలోంచి అది జారి బండ మీద పడి, దొర్లి, కన్ను పైకి పెట్టి ఆగింది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు పనికి పోయే సౌమ్య ఆ రోజు ఇంట్లోనే ఉంది. "పాత స్టాకు మా. నాయన ఎప్పుడో చేసింటాడు" అంది. కవరు మీద అచ్చేసిన నెల చూపించాను. మే. "మీ నాయన షాపులో గడియలు చేసిందే లేదు. పంపు సామాన్లు, రోలర్లే" అన్నాను. సౌమ్య ఫ్యాను ఆపింది. దానికి చలేసింది.

జూన్‌లో బచ్చలింట్లో స్నానాల కుళాయి మార్చాను. కొత్త కుళాయి తల కింద, కన్ను. వారానికి కిటికీ కొక్కేలు కొన్నాను. మూడు కొక్కేలలో ఒకదానికి, కన్ను. మధ్యాహ్నం మూడు గంటలకు వీధి సద్దుమణిగాక, పైన రేకుల మీద ఒక చప్పుడు వినపడేది. టక్. ఒక్కటే. మళ్ళీ ఏమీ ఉండదు. ఎండకు రేకులు సాగుతాయని సౌమ్య అంటుంది. నిన్నటిదాకా సాగని రేకులు ఇప్పుడు ఎందుకు సాగుతున్నాయో అది చెప్పలేదు.

అనసూయ నిమ్మకాయ, కర్పూరం తెచ్చి గడప మీద తిప్పింది. "వదినా, అన్న ఇంకా డ్యూటీలోనే ఉండాడు" అంది గుసగుసగా. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "మళ్ళా వస్తే, మా స్నానాల గదికి ఒక కుళాయి చెప్పు. అంగడిదైతే నెలకే కారతాది" అంది.

ఇంతలో కోర్టు తారీఖు వచ్చింది, జూలైలో. నళినమ్మ తల పట్టుకుంది. "అమ్మా, లింగన్న మాట ఒక్కటీ చాలదు. స్నేహితుడు, పైగా అతని పేరు కూడా పుస్తకాల్లో లేదు. ఒక్క కాగితం కావాలి నాకు. ఒక్కటి."

లింగన్న చాలాసేపు చెవి గోక్కుని అన్నాడు. "మంచిగా చేసినదానికి కాగితం ఎక్కడుంటాది మేడమ్? చెడిపోయినదానికే ఉంటాది. పంపుల కంపెనీవాళ్ళు సామాను వాపసు పంపినప్పుడంతా చీటీ రాస్తారు. ఏ తేదీ, ఏ సామాను, ఎవురి గుర్తు అని."

నళినమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండు వారాలు తిరిగి ఆ కంపెనీ గోడౌను నుంచి పదకొండేళ్ళ చీటీలు తెచ్చింది. త్రిశూలం తొమ్మిది. నక్షత్రం పధ్నాలుగు. కన్ను రెండు వందల పన్నెండు. ప్రతి చీటీ మీదా ఎవరో శ్రద్ధగా సున్న గీసి చుక్క పెట్టారు. బల్ల నిండా పరిచితే రెండు వందల పన్నెండు కళ్ళు నా వైపే చూస్తున్నాయి. నాకు సిగ్గుతో తల వంగిపోయింది. నళినమ్మ మాత్రం వెలిగిపోతోంది. "ఇంత చెడ్డ పనివాడు దొరకడం మన అదృష్టం అమ్మా!"

కొత్త గడియ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె మొహంలో రంగు మారింది. "ఆ మాట కోర్టులో ఎత్తొద్దు. ఈ గుర్తు ఆయనొక్కడిదే అయితేనే ఈ చీటీలకు విలువ. ఇంకొకరు కూడా వేస్తారంటే అంతా పోతుంది."

విచారణ రోజు లింగన్నతో పాటు చౌడమ్మ కూడా వచ్చింది. ఊరికే చూసిపోతానంది. వెనక బెంచీలో గోడకు అతుక్కుని కూర్చుంది. పైన ఇద్దరు జడ్జీలు. చల్లటి గది, కిటికీలకు మందం తెరలు, మాట్లాడితే మాట పక్కకు పోకుండా అక్కడే నిలబడేట్టు ఉంది. ట్యాక్సు తరపు వకీలు బ్యాగులోంచి కాగితాలు, చివరగా ఒక స్టాప్లర్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని వీపు మీద, కన్ను. వాళ్ళ ఆఫీసు నుంచి సామానంతా మూటగట్టుకొచ్చాడు కాబోలు. విచారణ జరిగినంతసేపూ అది రెప్ప వేయకుండా జడ్జీలనే చూసింది.

వకీలు మాట నళినమ్మ నాకు చెవిలో తెలుగులో చెబుతోంది. "పదకొండేళ్ళు, రెండు వందల పన్నెండు తప్పులు! ఇంత చేతకానివాణ్ణి ఏ యజమాని పెట్టుకుంటాడు? కాబట్టి ఈ గుర్తు ఒక మనిషిది కాదు, షాపు గుర్తు. ఎవరైనా వేసి ఉండొచ్చు. గోపాలప్ప అనే పనివాడు అక్కడ ఉన్నాడనడానికి ఇది రుజువు కాదు."

పెద్ద జడ్జి చీటీలు తిరగేసి, కళ్ళజోడు మీంచి నన్ను చూశాడు. కన్నడంలో నన్నే అడిగాడు. "మీరు చెప్పండమ్మా. ఈ గుర్తు మీ ఆయన తప్ప ఇంకెవరూ వేయరా?"

నళినమ్మ నా మోచెయ్యి నొక్కింది. వేయరు అనే మూడక్షరాలు. ఇల్లు నిలబడుతుంది. నోరు తెరిచాను. బల్ల మీంచి స్టాప్లర్ నన్ను చూస్తోంది. ఏం చేస్తాను? తలుపుకు బిగించబుద్ధి కాక సంచిలోనే ఉంచుకున్న గడియ తీసి బల్ల మీద పెట్టాను.

"ఆయన పోయింది ఫిబ్రవరిలో స్వామీ. ఇది చేసింది మేలో."

నళినమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. పెద్ద జడ్జి ఆ గడియను రెండు వేళ్ళ కొసలతో ఎత్తి చూసి, కొంచెం గబగబా కింద పెట్టాడు. చిన్న జడ్జి కుర్చీ వెనక్కి జరిగింది. వకీలు ఆ కన్నునూ, తన స్టాప్లర్‌నూ మార్చి మార్చి చూసి, స్టాప్లర్‌ను మెల్లగా తన నుంచి దూరంగా తోశాడు.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. ఎవరిదో తెలియడానికి ఒక క్షణం పట్టింది. ఆ గొంతు గట్టిగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"అది నేనేసిన కన్ను సామీ."

చౌడమ్మ నిలబడింది. కొంగు ముడి విప్పి, వేలెడు ఉక్కు ముక్క తీసి అరచేతిలో చూపించింది.

"అన్న చనిపోయేదానికి వారం ముందు మా కొత్త షాపు కాడికొచ్చి ఇచ్చిపోయినాడు. ఆ చీటీల్లో ఉండే తప్పులన్నీ నావి సామీ. నాకు కండ్లు సరిగా తెలీవు. బొక్కలు పక్కకు పడతా ఉండె. నెలకు మూడు రిజెక్టులైతే పనిలోనుంచి తీసేస్తానని శెట్టి రూలు. అన్ననైతే తీసెయ్యడు, సంబళం మాత్రం కోస్తాడు. అందుకని చెడిపోయినట్లుండేదాని మీద నా గుర్తు పడకముందే తన కన్ను ఏసేసేవాడు. ఎవురికన్నా చెప్తే మళ్ళా ఎయ్యనని ఒట్టు పెట్టించినాడు. ఇంకిప్పుడు ఒట్టేంది?"

"మరి ఈ గడియ?" అన్నాడు పెద్ద జడ్జి.

"అన్న నా చెడ్డవి పెట్టుకున్నాడు గదా. కొత్త షాపులో అద్దాలు పెట్టుకొని, నేను చేసే గడియల్లో, కుళాయిల్లో, కొక్కేల్లో బాగా కుదిరిన దాని మీద ఆయన కన్ను ఏస్తా ఉండా. ఇన్నాళ్ళు చెడ్డపేరు మోసినాడు, కొంచెం మంచిపేరు కూడా రానీ అని."

వకీలు లేచాడు. "అయితే గోపాలప్ప అక్కడ ఉన్నట్టు నువ్వెట్లా చెప్తావు?"

చౌడమ్మ ఆయన్ను తెలివిలేనివాణ్ణి చూసినట్టు చూసింది. "నా పక్క మిషనే సామీ. పద్దెనిమిదేండ్లు. ఆయన ఒక్క పొద్దు రాకపోతే ఆ పొద్దు రిజెక్టు నాకే పడతాది గదా? అందుకని జ్వరమొచ్చినా వచ్చేవాడు."

ఆమె మాటను ప్రమాణం మీద రాసుకున్నారు. మూడు వారాలకు తీర్పు వచ్చింది. నళినమ్మ చదివి చెప్పింది. తన తప్పు తానే ఒప్పుకోవడానికి నిలబడిన మనిషి మాట, పదకొండేళ్ళ చీటీలూ ఒకే మాట చెబుతున్నాయట. గోపాలప్ప ఆ షాపులో పనిచేశాడు, ఆ డబ్బు అతని సంబళమే. నోటీసు కొట్టేశారు. మొత్తానికి మా ఆయన ఒక కాగితం మీద ఉన్నాడు.

విచారణ అయిన రోజే, కోర్టు మెట్ల దగ్గర చౌడమ్మను పట్టుకుని అడిగాను. "షాపులో వేసినాడు సరే. నా మెట్టెల మీద ఎందుకు? అనసూయ పెనం మీద ఎందుకు?"

"ఒకతూరి శెట్టి చూసేసినాడక్కా. 'ఏమప్పా, ఆయమ్మ సామాను మీద నీ కన్నేంది' అన్నాడు. 'నాకు పిచ్చి సామీ, ఏది కనబడితే దాని మీద ఏస్తా' అన్నాడు అన్న. శెట్టి నమ్మలే. ఆ సాయంత్రంలోపల శెట్టి టిఫిను డబ్బా మీద ఏసినాడు, స్కూటరు మీద ఏసినాడు, కళ్ళజోడు పెట్టె మీద ఏసినాడు. అప్పుడు నమ్మినాడు." చౌడమ్మ మొదటిసారి నవ్వింది. "పిచ్చి అన్నాక ఇంట్లో కూడా ఉండల్ల గదా, లేకుంటే లింగన్న నోట్లో పడి బయటికొస్తాది అనేవాడు. తరువాత తరువాత నిజంగానే పట్టుకున్నట్లుంది."

పంచు నా చేతిలో పెట్టబోయింది. ఆమె వేళ్ళు మూసి, "నీ దగ్గరే ఉండనీ" అన్నాను.

తీర్పు వచ్చిన పొద్దున ఆ సంతోషంలో సౌమ్య పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. గిన్నె బొగ్గయింది. తిడదామని వంటింట్లోకి పోయాను. అది సింకు దగ్గర గిన్నెను బోర్లించి, మసి గీకి గీకి, అడుగున ఉన్న కన్నును నాకు చూపించింది.

"చూడు మా. నాది కాదు. నాయనది."

పైన రేకుల మీద చప్పుడైంది. టక్.

"విన్నావా," అన్నాను, "ఒప్పుకున్నాడు."